వానకాలానికి పదిహేను రోజుల గ్రాసం

2025 జూన్‌లో మెదక్ పట్టణంలోని రేషన్ దుకాణాలు, రాష్ట్రంలోని మిగతా దుకాణాల లాగే, జూన్, జూలై, ఆగస్టు నెలల సన్నబియ్యాన్ని ఒకేసారి ఇచ్చేశాయి. మనిషికి నెలకు ఆరు కిలోలు. నలుగురున్న ఇంటికి మూడు నెలలకు 72 కిలోలు. వానలు ముదిరితే రవాణా తెగుతుంది, గోదాముల్లో ధాన్యం తడుస్తుంది, కాబట్టి ముందే జనం ఇళ్లకు చేర్చండని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఆ జాగ్రత్త ఎంత అవసరమో అదే ఏడు తేలిపోయింది. ఆగస్టు 27, 28 తేదీల్లో మెదక్, కామారెడ్డి జిల్లాల మీద వాన విరుచుకుపడింది. కొన్నిచోట్ల ఒక్క రోజులోనే 30 సెంటీమీటర్లు దాటింది. పోచారం ప్రాజెక్టు పొంగి పొర్లింది, హవేళిఘనపూర్ మండలంలో ఊళ్లు, తండాలు నీళ్ల మధ్య చిక్కుకున్నాయి, మెదక్ నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారి తెగింది. ఆగస్టు చివరి వారమంటే జూన్‌లో ఇచ్చిన మూడు నెలల కోటాకూ చివరి వారమే. బియ్యం అవసరమైన రోజుకు సంచి అడుగంటే వేళ అయింది.

ఈ ఒక్క అనుభవంలోనే నా వాదమంతా ఉంది. ఆపద రోజుల కోసం తిండిగింజలు ఇంట్లో ముందే ఉండాలని ప్రభుత్వం గుర్తించింది, గింజలూ ఇచ్చింది. 72 కిలోల బియ్యాన్ని మూడు నెలలపాటు, అదీ గాలిలో తేమ తడిగుడ్డలా పట్టుకుని ఉండే వానకాలంలో, రెండు గదుల ఇంట్లో ఎలా కాపాడుకోవాలో మాత్రం చెప్పలేదు. అందులో ఎంత తినాలి, ఎంత ముట్టకుండా పక్కన పెట్టాలి అన్నదీ చెప్పలేదు. బియ్యం ఇవ్వడం సరఫరా. ఇచ్చిన బియ్యం ఆపద రోజున పొయ్యి మీదికి చేరేలా చూడటం సంసిద్ధత. రెండోది ఇంటివాళ్ల చేతిలో పని. కాకపోతే దాన్ని నేర్పించే బాధ్యత సర్కారుది. మెదక్ లాంటి పట్టణంలో ప్రతి ఇల్లూ కనీసం పదిహేను రోజుల పొడి తిండి ఇంట్లో తిప్పుకుంటూ ఉండాలన్నది నా అభిప్రాయం. కూడబెట్టి మూల పడేయాలని అనడం లేదు. పాతది తింటూ, తిన్నంత మేరకు కొత్తది పోస్తూ ఉండాలి.

ఇదేమీ మనకు తెలియని విద్య కాదు. ఏడాదికొక పంట చేతికొచ్చే కాలంలో ఏడాది గ్రాసం ఇంట్లో ఉండక తప్పేది కాదు. వెదురు తడికె అల్లి లోపలా బయటా మట్టి, పేడ మెత్తిన గుమ్ముల్లో వడ్లు, జొన్నలు ఉండేవి. పెద్ద రైతుల ఇళ్ల ముందు నేలలో పాతరలు ఉండేవి. అడుగున, చుట్టూ గడ్డి పరిచి గింజలు పోసి, మూత మీద మట్టి పూడిస్తే లోపలికి గాలి ఆడదు. పురుగు బతకదు. అయితే ఆ కాలాన్ని మరీ పొగడాల్సిన పని లేదు. గుమ్మి ఉన్న ఇల్లు నిలబడేది, లేని ఇల్లు కరువు దెబ్బకు మొదట కూలేది. మెదక్ పేరు చెప్పగానే గుర్తుకొచ్చే చర్చి ఆ లేమికి సాక్ష్యం. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ నిర్మాణాన్ని, కరువు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల జనానికి పని చూపించి అన్నం పెట్టిన కథతోనే ఇప్పటికీ చెప్పుకొంటారు. ఆ పదేళ్ల నడుమనే 1918లో దక్కనంతటా వానలు మొహం చాటేశాయి, విషజ్వరం ఊళ్లను ఊడ్చేసింది. ఇంట్లో గింజ లేని కుటుంబం ఎవరు పని ఇస్తారా, ఎవరు గంజి పోస్తారా అని ఎదురు చూడాల్సిందే.

ఆ ఎదురుచూపు నుంచి మనల్ని బయటపడేసింది దేశం కట్టుకున్న ధాన్యాగారం. కేంద్ర నిల్వల్లో ఏటా జూలై 1 నాటికి బియ్యం, గోధుమలు కలిపి కనీసం 411 లక్షల టన్నులు ఉండాలన్నది నియమం, నిజంగా ఉండేది సాధారణంగా దానికన్నా ఎక్కువే. సహకార సంఘాల స్థాయిలో మరో 700 లక్షల టన్నులకు చోటు కట్టాలని 2023 మేలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఇంత ధాన్యం ఉన్న దేశంలో ఇంట్లో దాచుకోవడం ఎందుకన్న ప్రశ్న సహజం. జవాబు దూరంలో ఉంది. గోదాములో ఉన్న గింజకూ గిన్నెలో పడే గింజకూ మధ్య ఒక లారీ, ఒక కల్వర్టు, ఒక డీలరు, ఒక వేలిముద్ర యంత్రం, దానికి కరెంటు, సిగ్నలు ఉన్నాయి. మామూలు రోజుల్లో ఈ గొలుసు బాగానే నడుస్తుంది. వరద రోజున ఇందులో ఏ ఒక్క లింకు తెగినా మిగతా అన్నీ ఉన్నా లేనట్టే. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు తిండి కొరత లేదు, నగరం చుట్టూ కావలసినంత ఉంది. మేడల మీద చిక్కుకున్నవాళ్లకు దాన్ని చేర్చడానికి పడవలు, హెలికాప్టర్లు, చివరికి డ్రోన్లు కావలసి వచ్చాయి. వండిన అన్నం పొట్లాలు చేరేసరికి పాచిపోయే ప్రమాదం, చేరినవి బలవంతుల చేతికి ముందు చిక్కే అన్యాయం ఏ సహాయక చర్యలోనైనా ఉంటాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు తెలంగాణ ప్రభుత్వం తెల్ల కార్డున్న ఇళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రకటించింది. మంచి పనే. ప్రకటనకూ పంపిణీకీ మధ్య నడిచిన రోజుల్ని ప్రతి ఇల్లూ తన డబ్బాలో ఉన్నదాంతోనే గడిపింది.

పదిహేను రోజులే ఎందుకు? స్వీడన్ ప్రభుత్వం 2024 నవంబరులో ఇంటింటికీ పంపిన పుస్తకంలో వారం రోజులకు సరిపడా సిద్ధంగా ఉండమంది. జర్మనీ పది రోజులంటుంది. యూరోపియన్ యూనియన్ 2025లో కనీసం 72 గంటలంది. భూకంపాల దేశం జపాన్ మూడు రోజులు తప్పనిసరి, వారమైతే మేలంటుంది. వాళ్ల లెక్కలన్నీ దారులు తెరుచుకోవడానికి పట్టే కాలం గురించి. మన దగ్గర దారి తెరుచుకోవడం ఒక ఎత్తు, కూలి మళ్లీ దొరకడం మరో ఎత్తు. వరద తగ్గినా పొలాల్లో ఇసుక మేటలు తీసేదాకా, ఇటుక బట్టీలు ఆరేదాకా, భవన నిర్మాణం మళ్లీ మొదలయ్యేదాకా రోజు కూలీ ఇంటికి డబ్బు రాదు. దుకాణం తెరిచి ఉంటుంది గానీ కొనే చేయి ఖాళీగా ఉంటుంది. ఆ రెండో ఖాళీని కూడా దాటించాలంటే వారం చాలదు. నెలంటే పేద ఇంటికి మోయలేని బరువు. అందుకే పదిహేను రోజులు.

లెక్క చూద్దాం. కూరగాయలు, పాలు దొరకని రోజుల్లో గింజల మీదే ఆధారపడాలి కాబట్టి మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం, 75 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె, పైన కొంచెం పల్లీలు, బెల్లం వేసుకుంటే సుమారు 2,000 కేలరీలు వస్తాయి. నలుగురికి పదిహేను రోజులకు 24 కిలోల బియ్యం, నాలుగున్నర కిలోల పప్పు, కిలోన్నర నూనె. 24 కిలోలంటే ఆ ఇంటికి ఒక నెల రేషన్ కోటా. అంటే మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చిన ఏడు, అందులో మూడో వంతు ముట్టకుండా పక్కన పెడితే గింజల వరకు పని పూర్తయినట్టే. మిగిలిన రెండు వంతులు తిని, ఆ లోటు బజారులో కొనుక్కోగలిగిన ఇళ్లకు ఇది వెంటనే సాధ్యం. కొనలేని ఇళ్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, అసలు చిక్కు అక్కడే ఉంది.

ముందు ఏది నిలవ ఉంటుంది, ఏది ఉండదు అన్నది తేల్చుకోవాలి. ఇక్కడ మనకు ఒక అదృష్టం ఉంది. తెలుగువాడు పాత బియ్యానికి ఎక్కువ ధర ఇచ్చి కొంటాడు. కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది, ఆరు నెలలు మాగిన బియ్యం మెతుకు మెతుకుగా విరుస్తుంది, అన్నం ఒదుగుతుంది. అంటే ఇంట్లో నిల్వ పెట్టిన బియ్యానికి విలువ పెరుగుతుంది. ఆ విలువ వ్యాపారికి ఇచ్చే బదులు ఇంటికే దక్కుతుంది. తెల్ల బియ్యం నిలవ ఉండటానికి కారణం పైన తవుడు పొర పోవడమే. తవుడులో నూనె ఉంటుంది, ఆ నూనె గాలి తగిలి చెడి కంపు కొడుతుంది. ఆరోగ్యానికి మంచివని చెప్పే దంపుడు బియ్యం, పొట్టు తీసి సంచుల్లో అమ్మే కొర్ర బియ్యం, సామ బియ్యం ఆపద నిల్వకు పనికిరావు. అవి రోజూ తినడానికి మేలు, దాచడానికి కాదు. సజ్జ పిండి అయితే కొన్ని రోజులకే చేదెక్కుతుంది. అదే కొర్రలైనా తైదలైనా పొట్టుతో, గింజగా ఉంచితే ఏళ్లు ఉంటాయి. తైదల గింజ చిన్నది, దాని మీద ముక్కు పురుగుకు పట్టు దొరకదు. కాబట్టి జొన్నలు, తైదలు గింజగా దాచి, నెలకు సరిపడా పట్టించుకోవడం సరైన పద్ధతి. మరి ఆపద రోజున కరెంటు లేక గిర్ని ఆడకపోతే? జొన్నల్ని రోట్లో దంచి గట్క వండుకోవచ్చు, తైదల్ని నానబెట్టి రుబ్బి అంబలి కాచుకోవచ్చు. ఆ ఓపిక లేనివాళ్లు ఈ నిల్వను బియ్యంతోనే నింపుకోవడం మంచిది. నిల్వలో ఉండాల్సింది ఇంట్లో రోజూ తినేదే. ఆరోగ్య పత్రికల్లో చదివినదాన్ని దాచి పెడితే అది చివరికి కోళ్ల పాలవుతుంది.

ముప్పై ఏళ్లు నిలిచే ఆహారం గురించి అమెరికా నుంచి వచ్చే మాటలు కొందరిని ఆకర్షిస్తున్నాయి. అక్కడి మోర్మన్ చర్చి తన సభ్యులకు ఇచ్చే సలహాల్లో తెల్ల బియ్యానికి ముప్పై ఏళ్ల ఆయుష్షు చెప్పడం నిజమే. కానీ అది ఆక్సిజన్ తీసేసి మూసిన డబ్బాల్లో, ఇంట్లోని చల్లటి గదిలో ఉంచిన బియ్యం సంగతి. మేలో 43 డిగ్రీలు దాటే మెదక్‌లో, రేకుల కప్పు కింద ఆ లెక్క చెల్లదు. వేడి పదేసి డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆహారం చెడే వేగం సుమారు రెట్టింపవుతుంది. మనకు ముప్పై ఏళ్ల నిల్వ అక్కర్లేదు కూడా. ఒక వానకాలం నుంచి ఇంకో వానకాలం దాకా నిలిస్తే చాలు. ఖరీదైన పొట్లాలు, విదేశీ సామగ్రి కొనమని చెప్పే ప్రకటనల్ని నమ్మి డబ్బు పోసే బదులు అదే డబ్బుతో కందిపప్పు కొనుక్కోవడం తెలివి.

ఇక పురుగు. నిల్వ అనగానే ఏ గృహిణి అయినా మొదట అడిగేది దీని గురించే, అడగడంలో న్యాయం ఉంది. డబ్బాలో పురుగు ఎక్కడి నుంచి వచ్చిందని ఆశ్చర్యపోతాం గానీ చాలాసార్లు అది గింజతోపాటే వస్తుంది. ముక్కు పురుగు గింజకు చిల్లి చేసి గుడ్డు పెట్టి పైన మూసేస్తుంది, మిల్లులో, గోదాములో, పాత గోనె సంచిలో ఎక్కడైనా. పెసలు, అలసందలను తొలిచే పుచ్చు పురుగు చేలో కాయ మీదే గుడ్లు పెడుతుంది. వేడి, తేమ తగిలితే నెల రోజుల్లో కొత్త తరం బయటికొస్తుంది. కాబట్టి పోరాడాల్సింది తేమతో, గాలితో. బియ్యంలో తేమ 14 శాతం మించకూడదు, ఎక్కువ కాలం ఉంచాలంటే 12 దగ్గరుంటే మేలు. ఇంట్లో తేమ కొలిచే యంత్రం ఉండదు. దానికి తేలికైన ఉపాయం ఉంది. పొడి గాజు సీసాలో కొంచెం బియ్యం, కొంచెం బాగా ఆరిన ఉప్పు వేసి ఊపి కాసేపు ఉంచితే, ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ ఎక్కువున్నట్టు, రాలిపోతే నిల్వకు పనికొచ్చినట్టు. పప్పుల్ని ఎండలో ఆరబెట్టవచ్చు. బియ్యాన్ని మాత్రం నీడపట్టున గాలికి ఆరబోయాలి, మండుటెండలో పోస్తే గింజ పగిలి నూకవుతుంది. పల్లీలు, మక్కల మీద బూజు కనిపిస్తే కడిగి వాడుకుందామనుకోవడం ప్రమాదం. ఆ బూజుల్లో కొన్ని వదిలే విషం కాలేయాన్ని తింటుంది, ఉడకబెట్టినా పోదు.

తేమ తీసేశాక గాలిని ఆపాలి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన లారీ మర్డాక్ బృందం 1980ల చివర్లో కామెరూన్‌లో అలసందల రైతుల కోసం ఒక సంచి తయారు చేసింది. లోపల రెండు దట్టమైన ప్లాస్టిక్ సంచులు, పైన మామూలు అల్లిక బస్తా. ఒక్కొక్కటీ విడిగా బిగించి కట్టాలి. అంతే, మందు లేదు. లోపలున్న పురుగులు మిగిలిన ఆక్సిజన్ వాడేసుకుని తిండి మానేసి చనిపోతాయి. మన పాతర సూత్రం కూడా ఇదే, మట్టి బదులు ప్లాస్టిక్. ఇంటి స్థాయిలో దీనికి ఇంకా చవకైన మార్గం కూల్‌డ్రింక్ సీసాలు. కడిగి, లోపల చుక్క తడి లేకుండా రెండు మూడు రోజులు ఆరబెట్టి, పప్పు గానీ బియ్యం గానీ మెడ దాకా తట్టి తట్టి నింపి, మూత గట్టిగా బిగిస్తే గాలికి పెద్దగా చోటు మిగలదు. ఒక సీసా చెడినా మిగతావి బాగుంటాయి. ఒకే పెద్ద డ్రమ్ములో పోసి రోజూ మూత తెరిచే పద్ధతికి లేని లాభం ఇది. పప్పులకు ఆముదం పట్టించే అలవాటు వెనక కూడా గట్టి కారణముంది. కిలోకు చెంచాడు నూనె గింజలన్నింటికీ పలచగా అంటితే పుచ్చు పురుగు పెట్టిన గుడ్డుకు ఊపిరాడదు. వేపాకు, ఎండుమిరపకాయలు కొంత సాయం చేస్తాయి. తడి ఆరని వేపాకు వేసి తేమ తెచ్చిపెట్టుకునే ఇళ్లూ ఉన్నాయి.

ఈ విషయంలో రెండు అలవాట్లను మాత్రం మెత్తగా చెప్పి ఊరుకోలేం. బియ్యంలో బోరిక్ పౌడర్ కలపడం తెలుగు ఇళ్లలో ఎంత మామూలంటే కిరాణాలో అడగకుండానే బియ్యంతోపాటు ఇచ్చేవాళ్లున్నారు. మన ఆహార నిబంధనలు బోరిక్ ఆమ్లాన్ని తిండిలో అనుమతించవు. కడిగితే పోతుందన్న ధీమా మీద పిల్లల కడుపుల్ని పందెం పెట్టడం తగదు. రెండోది ఇంకా ఘోరం. గోదాముల కోసం ఉద్దేశించిన అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీల్ని ఇంట్లో బస్తాల మధ్య పెట్టడం. గాలిలో తేమ తగలగానే అవి ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. మూసిన గదిలో పడుకున్నవాళ్లు పొద్దున లేవకపోవచ్చు. పురుగు పట్టిన బియ్యాన్ని జల్లించి, చెరిగి, కడిగి తినొచ్చు. ఈ వాయువు పీల్చిన మనిషికి విరుగుడు లేదు.

ఇప్పుడు అభ్యంతరాలు. అన్నిటికన్నా బరువైనది పేదరికం గురించినది. రెక్కాడితే గాని డొక్కాడని ఇల్లు పదిహేను రోజుల తిండి ముందుగా ఎలా పెడుతుంది? ఒక్కసారిగా పెట్టలేదు, నిజం. కొంచెం కొంచెంగా పెట్టగలదు. వండే ముందు పూటకో పిడికెడు, అంటే సుమారు 50 గ్రాములు, పక్కన వేస్తే రోజుకు 100 గ్రాములు, ఎనిమిది నెలలకు 24 కిలోలు. అక్టోబరులో మొదలుపెడితే మే నెలాఖరుకు, వానలు దిగే ముందు, లెక్క పూర్తవుతుంది. పిడికెడు కూడా తీయలేని ఇంటికి ఊరు తోడు కావాలి. దీనికి ఉదాహరణ ఉమ్మడి మెదక్ జిల్లాలోనే ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పని చేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో, 1990ల మధ్యలో దళిత మహిళల సంఘాలు పడావు పడ్డ భూముల్ని సాగులోకి తెచ్చి జొన్నలు పండించాయి. ఆ జొన్నల్లో వాటా తీసి ఊళ్లోనే నిల్వ చేశాయి. వానకాలపు కొరత నెలల్లో ఊళ్లోని నిరుపేదలకు చౌకగా ఇచ్చాయి. ఎవరు నిరుపేదలో తేల్చింది ఏ కార్డూ కాదు, ఊరి జనమే కూర్చుని తేల్చుకున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) నడిపిన బియ్యం పరపతి పథకం కూడా ఇలాంటిదే. మహిళా సంఘాలు టోకున బియ్యం కొని సభ్యులకు ఇస్తే, వాళ్లు వాయిదాల్లో తీర్చేవారు. మెదక్ పట్టణంలోని సంఘాలు ఇప్పుడు కుట్టుమిషన్లకు, గేదెలకు అప్పులిస్తున్నాయి. ఇంటికి 24 కిలోల బియ్యం, నాలుగున్నర కిలోల పప్పుకు అప్పివ్వడం వాటికి పెద్ద లెక్క కాదు.

అందరూ ఇలా కొని దాచితే ధరలు పెరగవా, ఇది దొంగ నిల్వ కాదా అన్నది మరో అభ్యంతరం. 2024 జూన్‌లో కందిపప్పు ధర అదుపు చేయడానికి కేంద్రం పరిమితి పెట్టినప్పుడు చిల్లర వ్యాపారికి ఐదు టన్నుల దాకా అనుమతించింది. అంటే అలాంటి ఒక్క దుకాణంలో వెయ్యికి పైగా ఇళ్ల పదిహేను రోజుల పప్పు పడుతుంది. చట్టం చూసేది వ్యాపార నిల్వను. ధరల మాటకొస్తే, వాటిని ఎగదోసేది ముందు నుంచీ నెమ్మదిగా కొనుక్కున్న ఇల్లు కాదు, తుపాను హెచ్చరిక విని ఒకే సాయంత్రం దుకాణం మీద పడే జనం. ఇంట్లో ఇప్పటికే ఉన్నవాడు ఆ సాయంత్రం బజారుకు రాడు. తాండూరు, నారాయణఖేడ్ వైపు కందులు సంక్రాంతి తర్వాత చేతికొస్తాయి. పప్పు అప్పుడు కొనిపెట్టుకుంటే రైతుకు గిరాకీ, ఇంటికి చవక. సెల్‌ఫోను నొక్కితే సరుకు వచ్చే రోజుల్లో ఇదంతా చాదస్తం అనేవాళ్లకు జవాబు చిన్నది. ఆగస్టు 27న సరుకు తెచ్చే బండికి కూడా దారి లేదు.

ఇల్లే మునిగితే దాచిన బియ్యం ఏమవుతుంది? ఇది కొట్టిపారేయలేని ప్రశ్న. సింగ్‌నగర్‌లో నేల మీద పెట్టిన బస్తాలు మొదటి రోజే పోయాయి. నిల్వ ఎత్తులో ఉండాలి. కానీ ఎత్తు పెరిగిన కొద్దీ వేడి పెరుగుతుంది, ముఖ్యంగా రేకుల ఇళ్లలో. పల్లపు కాలనీల్లో ఉన్నవాళ్లు ఎండాకాలమంతా నిల్వను కింద చల్లటి మూలలో చెక్క మీద ఉంచి, జూన్ మొదట్లో మృగశిర కార్తె వేళకు సజ్జ మీదికి ఎక్కించాలి. బస్తా ఎక్కించడం కష్టం గానీ రెండేసి కిలోల సీసాలు ఎక్కించడం ఇంట్లో ముసలివాళ్లకు కూడా కష్టం కాదు. మూత బిగించిన సీసా నీళ్లలో మునిగినా లోపలి గింజ తడవదు. ఇల్లు వదిలిపోవాల్సి వస్తే సంచిలో నాలుగు వేసుకుని పోవచ్చు.

బియ్యం ఉన్నా వండటానికి గ్యాస్, మంచి నీళ్లు లేని రోజులుంటాయి. అందుకే నిల్వలో మూడు రోజుల భాగం పొయ్యి అక్కర్లేనిదై ఉండాలి. అటుకులు, మురమురాలు, పుట్నాలు, బెల్లం, బతుకమ్మ నాడు చేసుకునే సత్తుపిండి లాంటివి. మంచి నీళ్లు మాత్రం దీనికి తోడు విడిగా పట్టి ఉంచుకోవాల్సిందే. నీళ్లు లేనిదే అటుకులైనా దిగవు.

చివరి అభ్యంతరం రాజకీయమైనది. జనం ఎవరి జాగ్రత్త వాళ్లు చూసుకోవాలంటే ప్రభుత్వం చేతులు దులుపుకోదా? ఈ అనుమానం న్యాయమైనదే, అందుకే అడగాల్సినవి పేరు పెట్టి అడగాలి. ఉత్తరప్రదేశ్ హాపూర్‌లోని ధాన్యం నిల్వ సంస్థ ఇళ్ల కోసమే ఇనుప రేకు తొట్టెలు రూపొందించిన దేశం ఇది. 1960లలో ధాన్యం కాపాడుకోవడం గురించి ప్రభుత్వమే ప్రచారం నడిపింది. ఇక ముందు ఎప్పుడైనా వానకాలానికి మూడు నెలల కోటా ఒకేసారి ఇస్తే, కార్డుకు రెండు గాలి చొరబడని లోపలి సంచులు కూడా ఇవ్వాలి. కోటాలో ఒక భాగాన్ని విడిగా, సీలు వేసి, ఆగస్టు దాకా తెరవవద్దన్న ముద్రతో ఇవ్వాలి. పోచారం కింద, మంజీర వెంట ఉన్న ఊళ్ల డీలర్లకు ఎత్తైన చోట, బడిలోనో పంచాయతీ భవనం పై అంతస్తులోనో, అదనపు నిల్వ పెట్టాలి. వేలిముద్ర పడకపోయినా వరద రోజున బియ్యం తూచి ఇచ్చే అధికారం డీలరుకు ముందే రాతపూర్వకంగా ఉండాలి. ఈ నాలుగు పనుల్లో ఏదీ కొత్త గోదాము కట్టేంత ఖర్చు కాదు. ఇవి జరిగేలోపు అక్టోబరు వస్తుంది, మంజీర ఆయకట్టులో కొత్త వడ్లు కోతకొస్తాయి. సజ్జ మీదున్న పాత బియ్యాన్ని కిందికి దింపి వండుకోవాల్సిన నెల అదే, మళ్లీ పిడికెడు తీయడం మొదలుపెట్టాల్సిన నెలా అదే.